మూడో చెయ్యి

కనెక్టికట్ నది మీద మంచు పగలడం మొదలైన వారంలోనే మా నాన్న ప్రయాణం పెట్టుకున్నాడు. వద్దని చెప్పనివాళ్ళు లేరు. వైద్యుడు వద్దన్నాడు. పొరుగింటి మిసెస్ గుడాల్ అయితే వంటింట్లోకి వచ్చి మరీ నా మీద పడింది.

"మీ నాన్న పెదాలు చూశావా కెజియా? నేరేడుపళ్ళు తిన్నట్టు ఉన్నాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషిని ఈ బురదలో కొండల్లోకి తీసుకెళ్తావా? నీకసలు బుద్ధుందా?"

"నేను తీసుకెళ్ళడం లేదండీ. ఆయన వెళ్తున్నాడు. నేను పక్కన కూర్చుంటున్నాను, అంతే."

అది నిజమే. మా నాన్న జేరెడ్ విన్‌స్లేడ్ బిషప్పు. బిషప్పంటే పెద్ద భవంతీ బంగారు సిలువా అనుకునేరు. మాకున్నది చర్చి పక్కన చిన్న ఇల్లు, ఒక ఆవు, వయసు మళ్ళిన గుర్రం. వారమంతా ఆయన ఊరి పిల్లలకు లాటిన్ చెప్పేవాడు, ఆదివారం ప్రసంగం చేసేవాడు. వేసవి వస్తే ఆ గుర్రానికి బండి కట్టుకుని ఊరూరా తిరిగి, ఎదిగిన పిల్లల తలల మీద చేతులుంచి దీవించి వచ్చేవాడు. బిషప్పు అన్న మాట వింటేనే ఇంగ్లండు రాజుగారి పోలికలు కనబడి మొహం చిట్లించేవాళ్ళు మా చుట్టుపక్కల ఇంకా చాలామంది ఉన్నారు.

ఈ ప్రయాణం ఎందుకంటే, ఉత్తరాన నార్త్ హాలం అనే ఊళ్ళో అక్కడి సంఘాలవాళ్ళు థియోఫిలస్ బ్రెంట్ అనే గురువును తమ బిషప్పుగా ఎన్నుకున్నారు. ఎన్నుకుంటే సరిపోదు. ముగ్గురు బిషప్పులు ఒకేసారి ఆయన తల మీద చేతులుంచాలి. ఇద్దరుంటే చాలదు. ఆ రోజుల్లో దేశం మొత్తం మీద మా బిషప్పులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళలో ఒకాయన శరదృతువులో పోయాడు. ఇంకొకాయన మంచం దిగడం లేదు. దక్షిణాది నుంచి ముసలి బిషప్ పేన్ కాళ్ళ వాపులతోనే బయలుదేరి నార్త్ హాలం చేరాడు. ఆయన వెంట ఇంకొకాయన వచ్చాడు. మరియమ్మకు దేవదూత కబురు చెప్పిన పండుగనాడు అభిషేకం. ఆ మర్నాడే వాళ్ళిద్దరూ తిరుగుదారి పట్టాలి. మూడో చెయ్యి మా నాన్నది.

"నువ్వు వెళ్ళకపోతే ఏమవుతుంది నాన్నా? వచ్చే ఏడాది పెట్టుకుంటారు," అన్నాను బయలుదేరే ముందు రోజు, ఆయన మేజోళ్ళు సర్దుతూ.

"వచ్చే ఏడాదికి పేన్ ఉంటాడా? నేనుంటానా? ముగ్గురు మిగలకపోతే మళ్ళీ లండన్ ఓడెక్కాల్సిందే," అన్నాడు. నా చేతిలోంచి ఒక మేజోడు తీసుకుని, "సైలస్‌లాగా ఇంకెవరి బిడ్డా పోకూడదు తల్లీ," అన్నాడు.

సైలస్ మా బాబాయి. నేను చూడలేదు. మా దేశంలో బిషప్పు ఒక్కడూ లేని కాలంలో, గురువు కావాలనుకున్న ప్రతి కుర్రవాడూ ఓడెక్కి లండన్ వెళ్ళి అక్కడి బిషప్పు చేత తల మీద చెయ్యి వేయించుకుని రావలసి వచ్చేది. అన్నదమ్ములిద్దరూ కలిసి వెళ్ళారు. లండన్‌లో దిగిన కొద్దిరోజులకే సైలస్‌కు మశూచి సోకింది. చెయ్యి వేయించుకోవడానికి అంత దూరం పోయి, ఆ చెయ్యి పడకుండానే పోయాడు. మా నాన్న ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు ఎప్పుడూ ఒకలాగే ఉండేది, చదివి వినిపిస్తున్నట్టు.

తిరిగొచ్చిన నాన్నను గ్రేసన్ రేవు అనే ఊరికి పంపారు. నది ఒడ్డు ఊరు. మా అమ్మను అక్కడే పెళ్ళాడాడు, నేను అక్కడే పుట్టాను. తరవాత ఇంగ్లండు రాజుతో యుద్ధమొచ్చింది. మా ప్రార్థన పుస్తకంలో ప్రతి ఆదివారం రాజు క్షేమం కోసం చదవాల్సిన ప్రార్థన ఒకటి ఉండేది. అది వదిలెయ్యమని ఊరివాళ్ళు పట్టుబట్టారు. గురువైన రోజున రాజుకు విధేయుడిగా ఉంటానని మా నాన్న ఒట్టు వేశాడు. చదివితే చర్చి తగలబెడతారు. చదవకపోతే ఒట్టు తప్పినట్టు. ఆయన చర్చికి తాళం వేసి ఇంట్లో కూర్చున్నాడు. ఆ చలికాలం గడవకముందే మమ్మల్ని పడవెక్కించి ఊరు దాటించాడు. నాకు గుర్తున్నది పడవలో మా అమ్మ నా నోటికి అడ్డం పెట్టిన చెయ్యి ఒక్కటే.

ఇంతకుమించి ఆ ఊరి గురించి ఆయన ఎన్నడూ మాట్లాడలేదు. యుద్ధం అయిపోయింది, రాజే ఈ దేశాన్ని వదులుకున్నాడు, ఒట్టు దానంతటదే తీరిపోయింది. మేము వేరే ఊళ్ళో స్థిరపడ్డాం. అమ్మ పోయింది. నాన్నను బిషప్పును చేశారు. అయినా రాత్రి ఎవరైనా తలుపు తడితే, పిలిచింది చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ మనుషులే అని తెలిసినా, ఆయన గొళ్ళెం తీసే ముందు ఒక్క క్షణం ఆగేవాడు. అది నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నదే.

దారంతా బురద. చక్రాలు ఇరుసుదాకా దిగబడేవి. గుర్రాన్ని అదిలించడానికి నేను బండి దిగి నడిచినప్పుడల్లా వెనక్కి తిరిగి నాన్న మొహం చూసేదాన్ని. కళ్ళు మూసుకుంటే నిద్రో మరొకటో తెలిసేది కాదు. "నాన్నా!" అని పిలిచేదాన్ని. "ఉన్నానమ్మా," అనేవాడు. దారి పొడుగునా అదే పిలుపు, అదే జవాబు.

మేము దాటవలసిన రేవు దగ్గర బల్లకట్టును మంచు కొట్టుకుపోయింది. అక్కడి పూటకూళ్ళావిడ మాకు ఉప్పుమాంసం, చిక్కుడుగింజలు పెడుతూ, "పైకెళ్ళండి. గ్రేసన్ రేవులో ఒక్కడే దాటిస్తున్నాడు. అసాహెల్ క్రో. అదీ వాడికి బుద్ధి పుడితేనే," అంది.

నాన్న చేతిలోని చెంచా పళ్ళెంలో పెట్టేశాడు. "ఇంకో దారి లేదా?"

"ఉంటే చెప్పనా అయ్యగారూ? ఈత కొడతానంటే వేరే సంగతి."

ఆ పూట ఆయన మళ్ళీ చెంచా ముట్టలేదు. బండిలో ఎంత అడిగినా, "వాడు నాకు తెలుసు," అన్నాడే తప్ప ఇంకేమీ చెప్పలేదు. పండుగ ఎల్లుండి. నది దాటాక కూడా ఒక పూట ప్రయాణం ఉంది. ఆయన పెదాలు చూడడం మానేసి నేను దారి చూడడం మొదలుపెట్టాను.

మర్నాడు గ్రేసన్ రేవు చేరేసరికి మధ్యాహ్నమైంది. నది చప్పుడు ముందు వినబడింది. ఒకదాన్నొకటి రాసుకుంటూ, గుద్దుకుంటూ, గుమ్మాలంతేసి మంచు పలకలు దిగువకు పోతున్నాయి. ఒడ్డున బల్లకట్టు, దాని మోకు పక్కన ఒక పొడగరి ముసలివాడు. పొడవాటి గెడ పట్టుకుని ఒక అమ్మాయి బల్లకట్టు అంచున నిలబడి, దగ్గరికొచ్చిన పలకలను పక్కకు నెడుతోంది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది కావచ్చు.

"ఇవాళ దాటించడం లేదు," అన్నాడు ముసలివాడు మావైపు చూడకుండానే.

"తప్పనిసరి పనండీ, రేపటికల్లా నార్త్ హాలంలో ఉండాలి," అన్నాను.

అప్పుడు తలెత్తాడు. నన్ను కాదు, నాన్నను చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఓహో! రాజుగారి పాదిరి! ఏంటయ్యా, దారి తప్పొచ్చావా? మీ రాజు ఇక్కడ లేడుగా!"

"తెలుసు అసాహెల్."

"బిషప్పువి కూడా అయ్యావంట. విన్నాంలే. టోపీ పెద్దదైందా, తల పెద్దదైందా?"

అమ్మాయి గెడ ఆపి ఇటు చూసింది. "ఎవరు నాన్నా?"

"ఎవరా? మీ అమ్మ పోయిన రోజున నా మొహం మీద తలుపేసుకున్నాయన, ఆక్సా."

నాన్న బండి దిగబోతే పట్టుకున్నాను. నా చెయ్యి విడిపించుకుని దిగాడు. బురదలో బూట్లు కూరుకుపోయాయి. అసాహెల్ దగ్గరికి నడిచి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. ఆయాసంతో భుజాలు ఎగిరిపడుతున్నాయి.

"చెప్పమంటావా, నీ కూతురికి?" అన్నాడు అసాహెల్ నాన్నతో. "ఇదిగో అమ్మాయ్, విను. ఆ చలికాలం దీన్ని కని మా మెహిటబెల్ పోయింది. చర్చిలో పెరిగిన పిల్ల. ప్రార్థన చదివించకుండా మట్టిలో పెట్టొద్దని నా చెయ్యి పట్టుకుని అడిగి మరీ పోయింది. మీ నాన్న ఇంటికెళ్ళాను. తలుపు సందులోంచి మాట్లాడాడు. చర్చికి తాళం వేశాను, రాజు పేరు లేకుండా ఏదీ చదవలేను, ఒట్టు అన్నాడు. నేనూ నమ్మాను! ఒట్టు కదా, మగాడి మాట కదా అనుకున్నాను. నేనే గుంట తవ్వి, నేనే పూడ్చాను. తర్వాతెప్పుడో ఒకాయన చెప్పాడు. భూస్థాపన ప్రార్థనలో రాజు పేరే ఉండదంట కదా?"

నేను నాన్న మొహంలోకి చూడలేకపోయాను. ఆ ప్రార్థన నాకూ వచ్చు. అందులో రాజు ఊసే లేదు.

"ఉండదు," అన్నాడు నాన్న. "ఆ రోజు ఒట్టు అడ్డం రాలేదు అసాహెల్. భయం అడ్డమొచ్చింది. వీధి చివర జనం కాగడాలతో ఉన్నారు. తలుపు తీస్తే లోపలికొస్తారని భయపడ్డాను. లోపల నా భార్య, ఈ పిల్ల ఉన్నారు. ఒట్టు పేరు చెబితే గౌరవంగా ఉంటుందని ఒట్టు పేరు చెప్పాను."

అసాహెల్ పక్కకు తిరిగి నీళ్ళలోకి ఉమ్మాడు.

"ఇన్నేళ్ళకి ఒక్క నిజం ఊడిపడింది నీ నోట్లోంచి."

"ఇప్పుడు చదువుతాను. కొండ మీదేగా? నన్ను తీసుకెళ్ళు."

"వద్దు. మాటలు లేకుండా పడుకోవడం దానికి అలవాటైపోయింది. ఇప్పుడు లేపకు."

"నాన్నా..." అంది ఆక్సా.

"నువ్వూరుకో." మోకు ముడి విప్పుతూ, "ఎక్కండి," అన్నాడు. "ఆవుల్ని దాటిస్తాను, పందుల్ని దాటిస్తాను. బిషప్పుని దాటిస్తే నా బల్లకట్టేం మైలపడదు. నది ఇంకా ఇంకా ముదురుతోంది. రేపైతే నేనే దాటలేను."

ఎక్కాం. నది నడుమకు వెళ్ళేదాకా బాగానే ఉంది. అసాహెల్ మోకు లాగుతున్నాడు, ఆక్సా గెడతో పలకలను నెడుతోంది. నేను గుర్రం తల పట్టుకుని దాని చెవిలో ఏదో ఒకటి మాట్లాడుతున్నాను. నాన్న అంచున ఉన్న కర్ర కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీకొచ్చా ఆ ప్రార్థన?" అని మెల్లగా నన్నడిగింది ఆక్సా, గెడ ఆపకుండానే.

"వచ్చు."

"పెద్దదా?"

నేను జవాబు చెప్పేలోపే అసాహెల్ కేకేశాడు. ఎగువనుంచి ఒక పెద్ద పలక, మా బండి కంటే పెద్దది, గిర్రున తిరుగుతూ వస్తోంది. ఆక్సా గెడ గుచ్చింది. గెడ విల్లులా వంగి, పట్టు తప్పి, పిల్ల ముందుకు తూలింది. నాన్న ఎడమ చేత్తో ఆమె నడుముపట్టీ దొరకబుచ్చుకున్నాడు. కుడిచెయ్యి కమ్మీ మీదే ఉండిపోయింది. పలక అంచు పైకి లేచి కమ్మీని గుద్దింది. కర్ర విరిగిన చప్పుడు నేను విన్నాను. కర్ర ఒక్కటే కాదని తరవాత తెలిసింది.

ఆయన అరవలేదు. ఆక్సాను వెనక్కి లాగి కూర్చోబెట్టి, తన చెయ్యి తనే వింతగా చూసుకున్నాడు. రెండు వేళ్ళు ఉండవలసిన తీరున లేవు.

"కెజియా," అన్నాడు, "కుడిచెయ్యే పోయిందమ్మా."

అవతలి ఒడ్డున నా లోపావడా చింపి కట్టు కట్టాను. ఆక్సా కట్టు రెండో కొస పట్టుకుంది. అసాహెల్ బండి చక్రాలు ఒడ్డెక్కించి, నాన్నకు కాస్త రమ్ము తాగించాడు. మేము కదిలేటప్పుడు గుర్రం మెడ మీద తట్టి, "పోండి, పోండి. చీకటి పడితే ఆ కొండదారి మంచిది కాదు," అన్నాడు.

దారిలో నాన్న నన్ను అడిగినదే అడిగాడు. "దీవించేది కుడిచేత్తోనే కదా. కట్టు కట్టిన చెయ్యి పెడితే చెల్లుతుందంటావా? నాకు స్పర్శ తెలియడం లేదు కెజియా. తల మీద పడిందో లేదో నాకే తెలియకపోతే ఎలా?" నాకేం తెలుసు? చెల్లుతుంది నాన్నా అంటూనే ఉన్నాను. జ్వరం మొదలైందని ఆయన మాటల్లోనే తెలుస్తోంది. ఒకసారి నన్ను "సైలస్" అని పిలిచాడు.

నార్త్ హాలంలో మా బండి ఆగగానే జనం పరుగెత్తుకొచ్చారు. పొద్దుటినుంచీ ఎదురుచూస్తూ, మేము రాలేమని నిర్ధారణకు వచ్చేసి ఉన్నారు. బిషప్ పేన్ వాచిన కాళ్ళు బల్ల మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నాన్న చెయ్యి చూసి, భయం విని, పెద్దగా నవ్వాడు.

"ఒరేయ్ జేరెడ్, నా కాళ్ళు పనిచెయ్యవు, నీ చెయ్యి పనిచెయ్యదు. మూడో ఆయనకి చెవులు పనిచెయ్యవు. ముగ్గురం కలిస్తే ఒక మనిషవుతాం. పడుకో, రేపు చూద్దాం."

ఆ నవ్వు విని నాన్న ఆ రాత్రి కాస్త నిద్రపోయాడు. నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు చర్చి నిండిపోయింది. థియోఫిలస్ బ్రెంట్ మోకరించాడు. నలభై ఏళ్ళ మనిషి, పొలం పనిచేసిన మెడ. పేన్ చెయ్యి ముందు పెట్టాడు, తరవాత రెండో ఆయన. నాన్న చెయ్యి ఎత్తబోయాడు. భుజం దాకా లేచి ఆగిపోయింది. నేను బెంచీ అంచు పట్టుకున్నాను. ఆయన ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, బరువు ఎత్తినట్టు ఎత్తి, కట్టు కట్టిన ఆ చేతిని థియోఫిలస్ తల మీద పెట్టాడు. మాటలు తడబడకుండా చెప్పాడు.

అయిపోయాక దుస్తుల గదిలో కొత్త బిషప్పు చెయ్యి పట్టుకుని ఆయన అడిగింది ఒక్కటే. "తగిలిందా నీకు? నా చెయ్యి నిజంగా తగిలిందా?"

"తగిలింది అయ్యగారూ. మూడింట్లోనూ మీదే బరువుగా ఉంది."

నాన్న కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. నేను "నాన్నా" అన్నాను. "ఉన్నానమ్మా," అన్నాడు.

చెయ్యి నయం కాలేదు. మణికట్టు దాకా నలుపెక్కింది. అక్కడి వైద్యుడు కోసెయ్యాలన్నాడు, కానీ ఆ గుండె అందుకు తట్టుకోదని తనే వెనక్కి తగ్గాడు. థియోఫిలస్ భార్య తన గదే మాకు ఇచ్చింది. జ్వరం తగ్గిన పూటల్లో నాన్న మామూలుగానే మాట్లాడేవాడు. "తిరుగుదారిలో గ్రేసన్ రేవులో ఆగాలి. వాడు వద్దన్నా కొండెక్కుతాను," అనేవాడు. తెలివి ఉన్న చివరి రోజున తలుపు ఎవరో తట్టారు. పాలు తెచ్చిన మనిషి. "తియ్యి కెజియా, త్వరగా తియ్యి, బయట చలిలో నిలబెట్టకు," అన్నాడు. ఆ తరవాత నేను పిలిస్తే పలకలేదు.

కొత్త బిషప్పు చేసిన మొదటి భూస్థాపన మా నాన్నదే.

చెట్లు చిగురేసే వేళకు నేనొక్కదాన్నే బండి తోలుకుంటూ నది దగ్గరికొచ్చాను. మంచంతా పోయింది. నీళ్ళు గోధుమరంగులో నిండుగా పారుతున్నాయి. అసాహెల్ బల్లకట్టు ఈ ఒడ్డునే ఉంది. ఆయన నా పక్కన ఖాళీగా ఉన్న సీటు చూశాడు.

"పాదిరి ఏడీ?"

చెప్పాను. ఆయన మోకు మీద చేతులు పెట్టి అలాగే నిలబడ్డాడు. ఆక్సా బల్లకట్టు మీదనుంచి దిగివచ్చి నా పక్కన నిలబడింది.

"చెయ్యి వల్లేనా?" అంది.

"చెయ్యి, గుండె... రెండూ."

"నన్ను పట్టుకోకపోయుంటే కమ్మీ మీంచి చెయ్యి తీసేవాడు."

"ఏమో ఆక్సా. నాకు తెలీదు."

అసాహెల్ మోకు లాగి మమ్మల్ని అవతలి ఒడ్డు చేర్చాడు. గుర్రాన్ని దింపాక ఆక్సా నా చెయ్యి పట్టుకుంది.

"ఆ ప్రార్థన మీకొచ్చన్నారుగా. మా అమ్మకి చదువుతారా?"

"ఆక్సా!" అన్నాడు అసాహెల్.

"ఆవిడకి అలవాటైందేమో నాన్నా, నాకు కాలేదు. నేను పుట్టినప్పటినుంచీ ఆ కొండకేసి చూస్తూనే ఉన్నాను."

ఆయన అడ్డు చెప్పలేదు, వెళ్ళమనీ అనలేదు. మేమిద్దరం కొండెక్కాం. రాయి చిన్నది, అక్షరాలు ఆయనే చెక్కినట్టున్నాడు, వంకరగా ఉన్నాయి. నేను గురువును కాను. ఆడదాన్ని, నా తల మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. నాన్న చదివేటప్పుడు ఎక్కడెక్కడ ఆగేవాడో అక్కడక్కడే ఆగుతూ, మొదటినుంచి చివరిదాకా చదివాను. మధ్యలో వెనక అడుగుల చప్పుడు వినబడింది. అసాహెల్ వచ్చి కాస్త దూరంలో నిలబడ్డాడు, టోపీ తియ్యకుండా.

అయ్యాక అడిగాడు. "నువ్వు చదివితే చెల్లుతుందా?"

"తెలీదు," అన్నాను. "మా నాన్నుంటే చెప్పేవాడు."

"ఆయనకీ తెలిసేది కాదులే," అన్నాడు. ఎగతాళిగా అనలేదు. ఆక్సా భుజం మీద చెయ్యి వేసి ముందు నడిచాడు.

రెండేళ్ళ తరవాత బిషప్ బ్రెంట్ గ్రేసన్ రేవుకు వచ్చి, పాత చర్చి తాళం తీయించి, పైకప్పు వేయించి, తానే చెయ్యి ఉంచి ఈ దేశంలోనే గురువును చేసిన ఒక కుర్రవాణ్ణి అక్కడ పెట్టాడు. ఆ కుర్రవాడికి ఓడెక్కవలసిన పని పడలేదు. ఆక్సా బాప్తిస్మం తీసుకుంది, నన్ను పక్కన నిలబడమని కబురు పెడితే వెళ్ళాను. అసాహెల్ మాత్రం లోపలికి రాలేదు. ఆదివారాలు అవతలి ఒడ్డు నుంచి చర్చికి వచ్చేవాళ్ళను దాటించి, వాళ్ళు బయటికొచ్చేదాకా బల్లకట్టు మీదే కూర్చునేవాడట. నేను వెళ్ళిన రోజున కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు. "లోపలికి రావచ్చుగా మామా, చలిగా ఉంది," అన్నాను. "వాళ్ళనెవరు దాటిస్తారు?" అన్నాడు.